భైరవకోన నుంచి వచ్చాక

పెదనందిపాడు,
కార్తీక మాసం.

బావా,

నువ్వు పంపిన ఫొటోలు అందాయి. ఫీనిక్స్ పక్కన సూపర్‌స్టిషన్ కొండల్లో హైరోగ్లిఫిక్ లోయ, బండల మీద కొమ్ముల గొర్రెలు, చుట్లు చుట్లుగా ముగ్గుల్లాంటి గీతలు అన్నీ చూశాను. రానూపోనూ మూడు మైళ్లు నడిచానని గొప్పగా రాశావు. మూడు మైళ్లంటే మన ఊరి చెరువుగట్టు నుంచి పడమటి చేనుకి వెళ్లి రావడం కదరా! మా ఆవిడ చదివి ఒకటే నవ్వు. నాకు మాత్రం ఉక్రోషం వచ్చింది. ఇంటర్ రోజుల్లో భైరవకోన గుహాలయాలకి వెళ్దామని ఎన్నిసార్లు అనుకున్నాం? దాచిన బస్సు డబ్బులు ప్రతిసారీ సినిమాకే అయిపోయేవి. నువ్వేమో భూగోళానికి అవతల రాతి బొమ్మలు వెతుక్కుంటూ కొండలెక్కుతున్నావు. ఇక్కడే ఉన్న నేను మన దగ్గర్లోవి చూడలేదు. అందుకే మొన్న బయల్దేరాను.

పత్తి మొదటి తీత అయిపోయింది. మిర్చి పూత మీదుంది. 2021లో నల్ల తామరపురుగు తోటల్ని ఊడ్చేసిన దగ్గర్నుంచి, పొద్దున్నే నాలుగు పూలు తుంచి అరచేతిలో దులిపి చూస్తేగానీ నాకు టీ దిగదు. ఆ ఒక్కరోజుకీ ఆ పని మా పెద్దాడికి అప్పజెప్పి, తమ్ముడి కారులో చీకటితోనే కదిలాం. చిలకలూరిపేట, అద్దంకి, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు. అద్దంకి దాకా నల్లరేగడి మనతోనే వస్తుంది. ఆ తర్వాత ఎక్కడ వదిలిందో గమనించలేదు గానీ, కనిగిరి దాటి చూస్తే ఎర్రనేల, రాళ్లు, సర్కారు తుమ్మ. టీ కొట్టులో కుండలో నీళ్లు ముంచుకోబోతే, "అవి బోరు నీళ్లన్నా, ఫ్లోరైడ్, తాగమాక" అని క్యాన్‌లోవి పోసిచ్చాడు. నువ్వు ఎడారి అని రాశావే, అది నాకు గుర్తొచ్చింది అక్కడే.

చంద్రశేఖరపురం మీదుగా కొత్తపల్లి చేరాక తమ్ముణ్ణి కారు తీసుకుని ముందుకు పొమ్మని, నేను దిగి నడిచాను. కారు గుడి దాకా వెళ్తుంది, కానీ నీతో పందెం ఉందిగా. నల్లమలకి తూర్పు అంచు అది, అవతల నెల్లూరు జిల్లా. ఇంగ్లీషు పుస్తకాల్లో భైరవకొండ అని రాస్తారు. నడిచినవాడికి మాత్రం అది కోనే. రెండు పక్కలా కొండలు దగ్గరకి జరుగుతూ వస్తాయి. ముందు వాగు చప్పుడు, ఆ తర్వాత చల్లదనం. చెప్పులకి పల్లేరుకాయలు.

కొండ చెక్కి తొలిచిన శివాలయాలు ఎనిమిది. ఏడు తూర్పు ముఖం, ఒకటి మాత్రం ఉత్తరానికి తిరిగి ఉంటుంది. పల్లవుల నాటి పనితనమనీ, క్రీ.శ. ఏడెనిమిది శతాబ్దాల నాటివనీ చెబుతారు. మహాబలిపురం చూసినవాడు ఆ సింహాల స్తంభాల దగ్గరే పోల్చుకుంటాడు. గర్భగుడి, వరండా, స్తంభాలు, పైన గూళ్లు, ద్వారపాలకులు అన్నీ ఆ కొండరాయే. లింగాలు మాత్రం వేరే గ్రానైట్‌లో చెక్కి తెచ్చి నిలబెట్టారట. ఇల్లంతా కొండది, శివుడు ఇల్లరికం వచ్చాడన్నమాట. తమ్ముడికి ఈ మాట చెబితే పూజారి వినేట్టు నవ్వాడు.

ఒక ద్వారపాలకుడి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గద మీద చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద బరువేసి, కల్లం దగ్గర కాపలా ఉండి విసుగెత్తినవాడిలా ఉన్నాడు. ఇటుకల గోడయితే తప్పు పోతే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. ఇక్కడ తీసేయడమే గాని పెట్టడం లేదు. ఉలి జారి ముక్కు ఎగిరిపోతే ఇంక అంతే. మీ బండల మీద పని వేరు కదా? ఎండకి నల్లబడిన పైపొరని ఇంకో రాయితో పొడిచి, లోపలి లేతరంగు బయటపెట్టడం. దానికి ఓపిక చాలు. దీనికి ఓపికతో పాటు ధైర్యం కూడా కావాలి. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

మీ లోయలో బండలు తాకొద్దని నిన్ను ముందే హెచ్చరించారన్నావు. ఇక్కడ ఆ మాటే లేదు. అర్చన జరిగే గుడి, అందులోనూ కార్తీకం. రాతి మీద నూనె జిడ్డు, పసుపు, గడప నిండా ప్రమిదలు. పౌర్ణమి రాత్రి వెన్నెల ఇక్కడి దుర్గమ్మ విగ్రహం మీద పడుతుందని ఆ రోజు జనం తోసుకుంటారు. నేను తప్పించుకుని తర్వాత వెళ్లాను. చెక్కడాలు మసిబారుతున్నాయే అని ఒక పక్క బాధ. మరో పక్క ఒక ముసలమ్మ వచ్చి, శతాబ్దాల నాటి ఆ కాపలావాడి పాదం తడిమి కళ్లకద్దుకుంటే ఏమనాలో తెలియలేదు. ఎవరు రైటో నన్నడక్కు.

గుహలు దాటి వాగులో బండలు పట్టుకుని జలపాతం దాకా ఎక్కాను. రెండొందల అడుగులంటారు. మోకాలు నిజం చెప్పింది, నువ్వు నవ్వుకో.

తిరుగుదారిలో నీ లోయ గురించి ఫోన్‌లో చదివించుకున్నాను. ఆ బొమ్మలు చెక్కిన హోహోకం జనం కాలవలు తవ్వి ఆ ఎడారిలో పత్తి పండించారట! ఆ కాలవల జాడల మీదే మీ ఫీనిక్స్ లేచిందట. ఈ సంగతి నువ్వెందుకు రాయలేదురా? గొర్రెల బొమ్మలు ఇరవై పంపావు, పత్తి మాట ఒక్కటీ లేదు. మిర్చి కూడా మీ ఖండం నుంచి పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చిందే కదా. నా రెండు పంటలకీ అక్కడ పాత చుట్టాలున్నారు.

ఆ చుట్ల గీత ఉన్న ఫొటో పెద్దది చేసి పంపు. అది సీతమ్మవారి ముగ్గేనంటుంది అమ్మ, ఎన్ని చుక్కలో లెక్కపెడతానంటోంది. శివరాత్రికి వస్తానన్నావు గానీ, అప్పటికి జలపాతంలో నీళ్లు తగ్గిపోతాయి, కాయలు కల్లంలో ఉంటాయి, నేను కదల్లేను. వస్తే కార్తీకంలోనే రా. ఈసారి కారు కొత్తపల్లిలోనే ఆపుదాం.

నీ
బావ