ఎడపల్లిలో ముస్తఫా లేచాడు!

నిజామాబాద్ నుంచి బోధన్ దాకా సుమారు పాతిక కిలోమీటర్లు. దారిలో చూడ్డానికేముంది అని అడిగితే ఎవరైనా ముందు చెప్పేది అలీసాగర్ పేరే. 1931లో నిజాం కాలంలో కట్టిన జలాశయం, గుట్టమీద అతిథిగృహం, తోట, బోటు షికారు... ఇంకాస్త ఓపికుంటే జానకంపేటలో అశోక్‌సాగర్, లక్ష్మీనరసింహస్వామి గుడి. ఇవన్నీ ఎడపల్లి మండలంలోవే. కానీ మండల కేంద్రమైన ఎడపల్లిలో పనిగట్టుకుని ఆగే యాత్రికులు తక్కువ. మేం ఆగాం. ఓ పాత చెక్కపెట్టె కోసం!

చెరకు సీమలో ఆటపెట్టె

ఈ సీమకు పేరు తెచ్చింది చెరకు. నిజాంసాగర్ నీళ్లొచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ, 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది.

ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లోనే మన పట్టణాల్లోకి వీడియో గేమ్ షాపులొచ్చాయి. ప్లైవుడ్ పెట్టె, లోపల టీవీ, బయట కర్రపుల్ల, నాలుగు బటన్లు, కాయిన్ వేసే కంత. 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' ఆట మనవాళ్లకు ఆ పేరుతో తెలియదు. అందులో ఎగిరి తన్నే వీరుడి పేరుతో అందరికీ అది 'ముస్తఫా'!

ఎడపల్లిలో మేం చూసిన పెట్టె బోధన్‌లో మూతపడిన ఓ షాపుది. యజమాని దాన్ని కొని ఇంటి వసారాలో పెట్టారు. కొన్నేళ్లుగా దానిమీద వడ్ల బస్తాలే. పాతసామాన్ల వ్యాపారి రాగి తీగ కోసం అడుగుతున్నాడు. ''బాగైతే ఉంచుకుంటా. లేకుంటే సాయంత్రం ఇచ్చేస్తా'' అన్నారాయన. నిజామాబాద్ నుంచి వచ్చిన ఓ పెద్దాయన, టీవీ మెకానిక్, సంచి తెరిచారు.

ఒక్క గీత చెప్పిన కథ

స్విచ్ వేయగానే పాట మోగింది. కాయిన్ వేస్తే లెక్కా పడింది. తెరమీద మాత్రం బొమ్మ లేదు. అడ్డంగా ఒకే ఒక్క తెల్లటి గీత!

''ట్యూబు పోయింది కదా కాకా?'' అన్నారు యజమాని.

''పోలే బిడ్డా. బతికే ఉంది. బొమ్మ పండుకున్నది, అంతే!''

ఆయన లెక్క సూటిగా ఉంది. పాట వస్తోందంటే గేమ్ బోర్డు బాగున్నట్టే. గీత వెలుగుతోందంటే పిక్చర్ ట్యూబుకు హైవోల్టేజీ అందుతున్నట్టే. గీత ఈ చివర నుంచి ఆ చివరకు ఉందంటే అడ్డంగా నడిపే భాగమూ పనిచేస్తున్నట్టే. ఇక మిగిలింది బొమ్మను పైకీ కిందికీ సాగదీసే భాగం. జబ్బు అక్కడే.

ముందు బ్రైట్‌నెస్ తగ్గించారు. లేదంటే ఆ గీత తెరను శాశ్వతంగా కాల్చేస్తుంది. ఆ తర్వాత కరెంటు తీశారు. అయినా లోపల చెయ్యి పెట్టలేదు. కలర్ ట్యూబులో ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్ పీకినా అది నిలవుండి కొట్టగలదు. అందుకే దాన్ని ముందు ఎర్త్‌కు దించారు. పిల్లలూ, ఇంట్లో పాత టీవీ వెనక మూత మీరు తీయకండేం!

భూతద్దం పెట్టి చూస్తే, నిలువు భాగం ఐసీ కాళ్ల చుట్టూ సోల్డర్ సన్నగా పగిలింది. ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారితే జరిగేది ఇదే. మెకానిక్కుల భాషలో 'డ్రై సోల్డర్'. కొత్త సోల్డర్ వేశాక బొమ్మ విచ్చుకుంది. కానీ పైభాగం మడతపడింది! లోపలి కెపాసిటర్ ఎండిపోయిందట. అదే విలువది, ప్లస్సూ మైనస్సూ చూసుకుని వేశారు. మడత పోయింది.

ఇంకా బొమ్మ దొర్లుతూనే ఉంది. దానికీ కారణముంది. మన టీవీ సెకనుకు 50 సార్లు బొమ్మ గీయడానికి తయారైంది. ఈ గేమ్ బోర్డు దాదాపు 60 సార్లు పంపిస్తుంది. వెనకున్న చిన్న మరను కొద్దిగా తిప్పితే... ముస్తఫా నిలబడ్డాడు! పక్కింటి పిల్లలు ముగ్గురూ ఒకేసారి బటన్ల మీద పడ్డారు. ఆ ఆట ముగ్గురు కలిసి ఆడేదే మరి.

రాగి తీగ విలువ

పాతసామాన్ల వ్యాపారి ఆ సాయంత్రం ఉత్త చేతులతో వెళ్లాడు. కానీ పెద్దాయన ముఖంలో పూర్తి సంబరం లేదు. ఇప్పుడు ఆయన దగ్గరికొచ్చేవన్నీ ఎల్‌ఈడీ టీవీలే. చెడితే బోర్డు మార్చడమే తప్ప బాగుచేయడం తక్కువ. ట్యూబు పని నేర్చుకునే కుర్రాళ్లు రావడం లేదు. కొత్త ట్యూబు దొరకడమూ కష్టమే. ''నెలకోసారి గంటసేపు నడుపుండ్రి. ఒకే బొమ్మ మీద ఇడిసిపెట్టకుండ్రి'' అని జాగ్రత్తలు చెప్పారు. కాయిన్ కంత తాళం ఇచ్చి, కొలత రాసిన పాత కెపాసిటర్‌నూ దాచుకోమన్నారు. రేపు ఇంకెవరైనా విప్పితే వాళ్లకు గుర్తుండాలి కదా!

ఎలా వెళ్లాలంటే: నిజామాబాద్-బోధన్ రోడ్డుమీదే ఎడపల్లి. బస్సులో వెళ్లొచ్చు. అలీసాగర్‌నూ, జానకంపేటనూ కలుపుకుంటే ఒక పూట ప్రయాణం.