ఉప్పునేల మీద పునాది

శ్రీకాకుళం జిల్లా నౌపడ పేరు వినగానే ఎవరికైనా ఉప్పే గుర్తుకొస్తుంది. 1900లో పర్లాకిమిడి చిన్న రైలు బయల్దేరింది కూడా ఇక్కణ్నుంచే. నేను వెళ్లింది మాత్రం ఉప్పుమడుల కోసం కాదు, వాటి చేరువలో లేచిన ఇళ్ల అడుగుభాగం చూడడానికి.

మడుల గట్టు దిగి ఊళ్లోకి నడుస్తుంటే, ఇళ్ల బేస్‌మెంటు మీద మూరెడు ఎత్తు వరకు తెల్లటి పొర. వేలితో రాస్తే పొడి రాలుతుంది. కొన్నిచోట్ల సిమెంటు పూత పెచ్చులు లేచింది. పైన గోడల రంగు మాత్రం కొత్తది. ఒక ఇంటివారు వరండా పెంచుకోవడానికి పాత పిల్లరు పక్కన గొయ్యి తవ్విస్తున్నారు. మట్టి తీసిన చోట కాంక్రీటు మూలలు అరిగి గుండ్రబడ్డాయి. తాపీమేస్త్రి గునపం మొనతో గీకితే మెత్తగా రాలింది.

“అప్పట్లో ఏ నీళ్లతో కలిపారు మేస్త్రీగారూ?” అన్నాను.

“బోరు నీళ్లే బాబూ. మరేటి చేస్తారు? తాగడానికే మంచినీళ్లు మోసుకొస్తుంటే, సిమెంటుకి ఎక్కడ్నించి తెస్తారు?”

లీటరు సముద్రపు నీటిలో సల్ఫేటు సుమారు 2.7 గ్రాములుంటుంది. మడుల్లో నీరు ఎండేకొద్దీ ముందు జిప్సం, తర్వాత ఉప్పు గడ్డకడతాయి. చివరికి మిగిలే చిక్కటి నీటి నిండా మెగ్నీషియం లవణాలే. ఇలాంటి తేమ తగిలే పునాదిలోకి సల్ఫేటు నెమ్మదిగా చొరబడి, సిమెంటులోని ట్రైకాల్షియం అల్యూమినేట్‌తో కలిసి ఎట్రింజైట్ అనే సూదిస్ఫటికాలు కడుతుంది. వాటికి చోటు ఎక్కువ కావాలి, గట్టిపడిన కాంక్రీటు చోటివ్వదు. పగులుతుంది. మెగ్నీషియం సల్ఫేటు ఇంకా చెడ్డది, కంకరను పట్టి ఉంచే జిగురునే విరిచేస్తుంది. అయినా పగులు పైకి కనబడేసరికి నింద మేస్త్రి మీదో సిమెంటు బస్తా మీదో పడుతుంది. అది నాకు అన్యాయంగా తోస్తుంది.

దీనికి మందు లేక కాదు. కెనడాలోని సస్కచెవాన్ విశ్వవిద్యాలయంలో థోర్వాల్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త 1919 నుంచి ఇలాంటి నేలల్లో చెడిన కాంక్రీటుపై పరిశోధించాడు. సల్ఫేటును తట్టుకునే సిమెంటు పుట్టడానికి ఆ పనే దారి వేసింది. మన ప్రమాణం ఐఎస్ 12330 ప్రకారం ఆ సిమెంటులో అల్యూమినేట్ 5 శాతం మించకూడదు.

కానీ మన తీరంలో చిక్కు ఇక్కడే ఉంది. ఈ నేలలో సల్ఫేటుతోపాటు క్లోరైడు కూడా ఉంటుంది. క్లోరైడు ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. దాన్ని కొంత కట్టిపడేసేది ఆ అల్యూమినేటే, అదే తగ్గిపోతే చువ్వకు కాపు తగ్గుతుంది. అందుకే రెండూ కలిసిన చోట సల్ఫేటును తట్టుకునే సిమెంటు బదులు అల్యూమినేట్ 5 నుంచి 8 శాతం ఉన్న మామూలు సిమెంటు మేలని ఐఎస్ 456 చెబుతుంది. అలాంటి చోట దాని పనితీరుపై తగిన సమాచారం ఉంటే, సగానికి మించి స్లాగు ఉన్న సిమెంటునూ ఒప్పుకుంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారం కొలుముల్లోంచి వచ్చే స్లాగు మనకు పక్కనే ఉంది.

సిమెంటు ఏదైనా నీళ్లు ఎక్కువైతే వృథా. ప్రమాదం పెద్దదైన నేలల్లో నీరు, సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. అంటే బస్తాకు 22 లీటర్ల పైచిలుకు, ఇసుకలోని తడితో కలిపి. నేను చూసిన చోట బకెట్లకు లెక్కే లేదు. కాంక్రీటు జారేదాకా పోస్తూనే ఉన్నారు.

శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో ఇల్లు తలపెట్టినవారు ముగ్గు పోయకముందే పునాది లోతునుంచి మట్టి, ఒక సీసాడు బోరు నీళ్లు పరీక్షకు పంపండి. సల్ఫేటు, క్లోరైడు రెండూ అడగండి. మట్టిలో సల్ఫర్ ట్రయాక్సైడ్ లెక్కన 0.2 శాతం, భూగర్భజలంలో లీటరుకు 0.3 గ్రాములు దాటితే ఇంజనీరును కలవకుండా కాంక్రీటు పోయకండి. పేదలకు కాలనీలు వేసే గృహనిర్మాణ అధికారులు కూడా లేఅవుటుకు ఒకసారి ఈ పరీక్ష చేయించి, ఫలితాన్ని అక్కడే బోర్డు మీద రాయించాలి.