బేస్‌మెంట్‌లో సూర్యలంక

నలభై నిమిషాలు ఆపకుండా తొక్కాను. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఎంత దూరం వచ్చానా అని హ్యాండిల్‌కున్న మీటరు చూస్తే... సున్నా! చెడిపోయిందేమోనని వేలితో రెండుసార్లు కొట్టి చూశాను. అప్పుడే మెట్లు దిగి వచ్చిన మా మనవడు పకపకా నవ్వాడు.

‘‘తాతయ్యా, మీటరు సెన్సరు ముందు చక్రానికుంది. నువ్వు తొక్కుతుంటే తిరిగేది వెనక చక్రమే కదా!’’

అమెరికాలో, మినియాపొలిస్‌లో, మా అబ్బాయి ఇంటి బేస్‌మెంట్‌లో నా తొలి సైకిలు యాత్ర అలా సున్నా కిలోమీటర్ల దగ్గర మొదలై అక్కడే ముగిసింది. 2023 నవంబరు నాటి మాట ఇది.

మాది బాపట్ల. హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా షుగరు. నడవమని డాక్టరు చెబితే మోకాళ్లు ఒప్పుకోలేదు. అందుకని సైకిలెక్కాను. భావనారాయణస్వామి గుడి దగ్గర ఐదూ నలభై అయిదుకి బయల్దేరితే తొమ్మిది కిలోమీటర్లు తొక్కి ఆరున్నరకల్లా సూర్యలంక సముద్రం ఒడ్డున ఉంటాం. కాసేపు ఇసకలో కూచుని, టీ తాగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతాం.

‘ఉంటాం’ అన్నాను చూశారూ, రెండోవాడు మా బావ. మా ఆవిడ అన్నయ్య. నాకంటే రెండేళ్లు పెద్ద. నేనాయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే అంటాడు. రెండెకరాల మాగాణి ఉంది. పిల్లలిద్దరూ దూరాన ఉద్యోగాల్లో ఉన్నారు. నేను అమెరికా వెళ్లేనాటికి ఆయన భార్య పోయి ఏడాదిన్నర. ఆవిడ పోయాక ఆర్నెల్లు గుమ్మం దాటలేదు. చివరికి ఓరోజు తెల్లారకముందే వెళ్లి తలుపు కొట్టి, ‘‘ఒక్కణ్ణీ తొక్కలేకపోతున్నాను బావా, నా షుగరు కోసం తోడు రా’’ అన్నాను. ఎవరి కోసం ఎవరు వెళ్తున్నామో ఇద్దరికీ తెలుసు. ఎప్పుడూ పైకి అనుకోలేదు.

మేం బయల్దేరేటప్పుడు స్టేషనుకి వచ్చాడు. ‘‘నాలుగు నెలలేగా బావా, చిటికెలో అయిపోతాయి’’ అని నాకే ధైర్యం చెప్పాడు.

* * *

ఆ ఏడాది చలి చాలా తక్కువని మినియాపొలిస్ వాళ్లంతా చెప్పుకుని ఆశ్చర్యపోతున్నారు. ఆ తక్కువే నన్ను చంపుతోంది! నాలుగు డిగ్రీలకే నా చెవులు రెండూ ఉన్నాయో ఊడాయో తెలియలేదు. పైగా సాయంత్రం ఐదయ్యేసరికి చీకటి. బయట సైకిలు తొక్కే ప్రసక్తే లేదు.

‘‘ట్రైనర్ కొందాం నాన్నా’’ అన్నాడు మావాడు. నాకు ట్రైనర్ అంటే ఈల వేసి దండ తీయించే డ్రిల్లు మాస్టారే గుర్తొచ్చాడు. కాదట. మామూలు సైకిల్నే కదలకుండా నిలబెట్టి తొక్కించే సాధనమట. ల్యాప్‌టాప్ ముందు కూచోబెట్టి పాఠం చెప్పాడు.

అన్నిటికన్నా పాతవి రోలర్లు. మూడు గుండ్రటి డ్రమ్ముల మీద సైకిలు పెట్టి, పడిపోకుండా బ్యాలెన్సు చేసుకుంటూ తొక్కాలి. ఈ వయసులో ఆ సర్కస్ మనకొద్దనుకున్నాం. రెండో రకంలో వెనక ఇరుసుని ఇనప స్టాండుకి బిగిస్తారు. వెనక టైరుకి ఒక రోలరు ఆనుకుని ఉంటుంది. ఆ రోలరు తేలిగ్గా తిరక్కుండా ఫ్యాను అడ్డం పడేవి కొన్ని, అయస్కాంతం అడ్డం పడేవి కొన్ని, నూనెలాంటి ద్రవం అడ్డం పడేవి కొన్ని. ఫ్యానుది రొద ఎక్కువ. అయస్కాంతం దానికి బిగువు మనమే పెంచుకోవాలి. ద్రవం దానికైతే ఎంత జోరుగా తొక్కితే అంత బరువు దానంతటదే వస్తుంది. రోడ్డు మీద ఎదురుగాలికి తొక్కినట్టే ఉంటుంది.

మూడో రకం ఖరీదైంది. వెనక చక్రం ఊడదీసి, గొలుసు తిన్నగా ట్రైనరుకే తగిలిస్తారు. చప్పుడుండదు, టైరు అరగదు. కంప్యూటరుకి కలిపితే తెర మీద కొండ రాగానే పెడలు దానంతటదే బరువెక్కుతుంది. 2014లో వచ్చిన జ్విఫ్ట్ లాంటి ఆప్‌లతో ఎక్కడెక్కడివాళ్లో ఒకే తెర మీద పోటీపడి తొక్కుతారట. 2020 డిసెంబరులో అలా ఇళ్లలోంచే తొక్కేవాళ్లకి ప్రపంచ పోటీలు కూడా పెట్టారట!

మావాడి కన్ను మూడోదాని మీద ఉంది. మంచిది వెయ్యి డాలర్లు దాటుతుందన్నాడు. నేను మనసులోనే ఎనభై మూడుతో హెచ్చవేశాను. నాలుగు నెలలుండి పోయేవాడికి అంత ఎందుకన్నాను. ‘‘డబ్బు గురించి నీకెందుకు నాన్నా’’ అని వాడు, ‘‘నాక్కాక ఎవరికిరా’’ అని నేను... కాసేపు వాదించుకున్నాం. చివరికి డాలసుకి మారిపోతున్న తెలుగువాళ్లెవరో సామాను అమ్మేస్తుంటే అరవై డాలర్లకి ద్రవం ట్రైనర్ దొరికింది. గ్యారేజీలో దుమ్ము పట్టిన మావాడి సైకిలు దానికి ఎక్కింది.

కొన్నంత తేలిక కాదు బిగించడం. గళ్ల టైరుతో తొక్కితే పిండిమర ఆడినట్టు ఇల్లంతా ఒకటే మోత. నున్నటి టైరు వేయించి, కింద రబ్బరు చాప పరిచాక తగ్గింది. వెనక చక్రం ఎత్తులో ఉంటుంది కనుక ముందు చక్రం కింద ఏదైనా పెట్టాలి. మావాడు తన చదువు రోజుల నాటి లావుపాటి పుస్తకం పెట్టాడు. మా ఆవిడ చూసి, ‘‘సరస్వతిని చక్రం కింద వేస్తార్రా!’’ అని కేకలేసి, పుస్తకం కళ్లకద్దుకుని, చెక్కముక్క పెట్టింది. రెండో వారంలో మోకాలు నొప్పెట్టింది. సీటు కిందికుండటమే కారణం. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు మడమ దానిమీద ఆనిస్తే కాలు చాపినట్టు తిన్నగా ఉండాలట. సీటు రెండంగుళాలు లేపితే నొప్పి పోయింది. ఆ చలిదేశంలో టేబుల్ ఫ్యాను కావాలంటే మా కోడలు నవ్వింది. కానీ కదలని సైకిలుకి గాలెక్కడిది? పది నిమిషాలకే చెమట ధారలు కడుతుంది.

అన్నీ అమరాయి. అమరనిది ఒకటే, తొక్కాలన్న బుద్ధి.

ఎదురుగా తెల్లగోడ. పక్కన వాటర్ హీటరు. పాత సినిమాలు పెట్టుకుని తొక్కాను, నాలుగో రోజుకి సినిమా చూస్తూ తొక్కడం మర్చిపోయాను. సున్నా మీటరు ఒకటి నా మొహం మీదే నవ్వుతున్నట్టుండేది. మూడో వారానికి హ్యాండిల్ మీద నా కోటు, సీటు మీద మా ఆవిడ శాలువా ఆరుతున్నాయి. మన ఇళ్లలో వ్యాయామం సైకిళ్లకి పట్టే గతే దానికీ పట్టింది.

* * *

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అక్కడ మధ్యాహ్నం, మాకు అర్ధరాత్రి దాటింది. గంటకి తొంభై, వంద కిలోమీటర్ల గాలి అని ఫోనులో వార్తలు. మా ఆవిడ వాళ్లన్నయ్యకి ఫోను చేస్తూనే ఉంది. తగల్లేదు. తెల్లారింది, తగల్లేదు. ఆ రోజంతా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు దొరికాడు. పెరట్లో కొబ్బరిచెట్టు పడిందన్నాడు. కోసి పనల మీదున్న వరి నీళ్లలో ఉందన్నాడు. అదంతా వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. ఆ గొంతు నాకు తెలుసు. గుమ్మం దాటని ఆర్నెల్ల నాటి గొంతు.

‘‘సైకిలు తొక్కుతున్నావా బావా?’’ అన్నాను.

‘‘ఎక్కడికెళ్లాలి? నువ్వెళ్లిన కాణ్ణించీ తీయలేదు. నువ్వు?’’

కోటూ శాలువా గుర్తొచ్చాయి. ‘‘నేనూ అంతే’’ అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కమీద దొర్లుతూ ఊరికే లెక్క వేశాను. మినియాపొలిస్‌కీ బాపట్లకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. అక్కడ తెల్లవారుజామున ఐదూ నలభై అయిదు అయితే ఇక్కడ ముందురోజు సాయంత్రం ఆరుంపావు. అంటే మా బయల్దేరే టైముకి ఇక్కడ నేను ఖాళీయే! అక్కడా చీకటే, ఇక్కడా చీకటే.

ధనుర్మాసం మొదటి తెల్లవారుజామున, అంటే డిసెంబరు 17న, బావకి ఫోను చేశాను. మూడోసారికి ఎత్తాడు. ‘‘సైకిలెక్కి కూచున్నా. నువ్వు బయల్దేరితేగానీ నేను తొక్కను’’ అన్నాను. నీకేమైనా పిచ్చా అని పెట్టేశాడు. మర్నాడూ అంతే. మూడోరోజు ఉన్నమాట చెప్పాను. ‘‘ఇక్కడికొచ్చాక షుగరు పెరిగింది బావా. తోడు లేక తొక్కబుద్ధి కావట్లేదు.’’ అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత తాళం చెవుల చప్పుడు, స్టాండు తీసిన చప్పుడు.

ఆ రోజు ఊరు దాటేదాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. నేనూ ఆపేశాను. వారం తిరిగేసరికి సముద్రం దాకా వెళ్లాం.

ఫోను స్పీకరులో పెట్టి సైకిలు బుట్టలో పడేసేవాడు. ఎక్కువ మాటలుండేవి కావు. తొక్కుతూ మాట్లాడొద్దని ముందే ఒట్టు వేయించుకున్నాను. చప్పుళ్లు చాలు నాకు. గుళ్లో మైకులో తిరుప్పావై, కుక్కల అరుపులు, పాలవాడి బండి, ఎదురొచ్చే బస్సు హారను. ఊరు దాటాక మంచులో ఏమీ వినబడక, గొలుసు చప్పుడొక్కటే. నా గొలుసు చప్పుడూ అదే. రెండిట్లో ఏది ఎవరిదో తెలిసేది కాదు. సరుగుడు తోటల దగ్గర సిగ్నలు తెగేది. అక్కణ్ణించి లెక్కపెట్టుకుంటూ తొక్కేవాణ్ణి. మళ్లీ కలిసేసరికి హోరు వినబడేది.

‘‘వచ్చాడా?’’

‘‘వస్తున్నాడు. కాస్త దక్షిణానికి జరిగాడు. నీళ్లలోంచే లేస్తున్నాడు.’’

మావైపు పొద్దు గుంకి రెండు గంటలు దాటేది. ఇక్కడ పోయినవాడే అక్కడ లేస్తున్నాడన్నది చిన్నప్పుడు పిల్లలకి నేనే చెప్పిన పాఠం. దాన్ని ఫోనులో వినడం అదే మొదటిసారి.

మనవడు సెన్సరుని వెనక చక్రానికి మార్చాడు. తెల్లగోడ మీద బాపట్ల నుంచి సూర్యలంకకి రోడ్డు గీసి, గుడీ, చెట్లూ, సముద్రం బొమ్మలు వేశాడు. కిలోమీటరు కిలోమీటరుకీ గుండుసూది జరిపేవాడు. సముద్రంలో సొరచేపలు ఎక్కువైపోయాయి గానీ, దారి బాగానే ఉంది.

భోగి నాడు బావ వీధి చివర మంట దగ్గర ఆగాడు. కట్టెలు చిటపటలాడటం, పిల్లల గోల బుట్టలోంచి వినబడుతున్నాయి. ఆ పూట మాకు బయట మైనస్ ఇరవైకి దగ్గరగా ఉంది. ఆ ఏడాది మొత్తానికి అసలైన చలి అప్పుడే వచ్చింది. మా ఆవిడ మెట్లు దిగి వచ్చి, నా పక్కన నిలబడి, ఆ మంట చప్పుడు విని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ‘‘మినుములు బాగా మొలిచాయి బావా’’ అన్నాడాయన ఆ రోజే. వరి పోయిన చేలో మినుములు చల్లాడని నాకప్పటిదాకా తెలియదు.

ఫిబ్రవరిలో రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు 8.2 నుంచి 7.3కి దిగింది. అన్నం సగానికి కోసిన మా ఆవిడకీ అందులో వాటా ఉంది.

మార్చిలో ఇంటికొచ్చాం. మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాం. దారిలో ఒక్క మాట లేదు, అలవాటైపోయింది. సముద్రం దగ్గర టీ తాగుతూ బావ అన్నాడు: ‘‘ఎదురుగాలి ఉంది కదూ. అక్కడ నీకు తెలిసేది కాదులే.’’

* * *

ఇప్పుడు తెలిసినవాళ్లు అడుగుతుంటారు. మన వానల్లో, ఎండల్లో ఇంట్లో తొక్కుకోవడానికి ఏది కొనమంటారని. నాకు తెలిసింది చెబుతాను. చప్పుడు చూసుకోండి, సీటు ఎత్తు చూసుకోండి, ఫ్యాను మర్చిపోకండి, ఖరీదైనదానికి ముందు పాతది ఒకటి అరువు తెచ్చి నెల తొక్కి చూడండి. అన్నిటికన్నా ముందు, ఫలానా టైముకి మీ కోసం కాచుక్కూచునే మనిషిని ఒకర్ని చూసుకోండి. ఆ మనిషి ఉంటే ఏ ట్రైనరైనా పనిచేస్తుంది.

ఆ అరవై డాలర్ల ట్రైనర్ బేస్‌మెంట్‌లోనే ఉంది. కోటు ఆరేసుకోవడానికి పనికొస్తుందిలే అనుకున్నాను. తర్వాతి చలికాలం ఓ రోజు పొద్దున్నే గుడి దగ్గర బావ కోసం నిలబడి ఉంటే ఫోను మోగింది. మావాడు. పనిగట్టుకుని వారానికోసారి చేసేవాడు, ఈ టైములో ఏమిటా అని కంగారుపడ్డాను.

‘‘ఏం లేదు నాన్నా, డాక్టరు నాకూ షుగరు బార్డర్లో ఉందన్నాడు. సైకిలెక్కాను. మీరు బయల్దేరారా?’’

బావ వచ్చాడు. ఫోను తీసుకుని తన బుట్టలో పెట్టుకున్నాడు.

‘‘పద అల్లుడూ’’ అన్నాడు.