మెట్ల మీద నిలబడిన ఆవిడ

ఆరోగ్యం గురించి రాసే ఈ వైద్యుడు ఈసారి ఒక ఇంగ్లీషు పాటను ఎత్తుకున్నాడేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. చివరిదాకా చదవండి. ఎందుకు రాశానో మీకే తెలుస్తుంది.

ఆ పాట పేరు 'హర్ట్'. గాయం, నొప్పి, మనస్తాపం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. అమెరికాలోని 'నైన్ ఇంచ్ నెయిల్స్' బృందం కోసం ట్రెంట్ రెజ్నర్ రాసిన ఈ పాట 1994లో వెలువడింది. మత్తులో చిక్కుకుని, తనను తానే గాయపరచుకునే ఒక యువకుడి నైరాశ్యం అందులోని వస్తువు. ఎనిమిదేళ్ళ తరువాత, 2002లో, డెబ్బయ్యేళ్ళ జానీ క్యాష్ దాన్ని మళ్ళీ పాడారు. ఆయన కూడా యౌవనంలో ఏళ్ళ తరబడి ఉత్తేజక మాత్రలకు బానిసై బయటపడినవారే. మాటల్లో ఆయన చేసిన మార్పు చాలా స్వల్పం. ఒక అసభ్య పదాన్ని తొలగించి, కిరీటాన్ని ముళ్ళకిరీటం చేశారు. అయినా పాట అర్థమే మారిపోయింది. రేపటి మీద ఆశ లేని యువకుడి గొంతు పోయి, నిన్నటి లెక్క చూసుకుంటున్న వృద్ధుడి గొంతు వినిపించింది.

మార్క్ రోమనెక్ ఆ పాటకు తీసిన వీడియో నిడివి నాలుగు నిమిషాల లోపే. టెనెసీ రాష్ట్రంలోని హెండర్సన్‌విల్‌లో క్యాష్ ఇంట్లోనూ, అప్పటికే మూతబడి పాడుబడిన ఆయన ప్రదర్శనశాలలోనూ చిత్రీకరించారు. పగిలిన రికార్డు కనిపిస్తుంది. పాత చిత్రాల్లో బలంగా నవ్వే యువకుడు, వెంటనే వణికే చేత్తో విందు భోజనం మీద ద్రాక్షసారా ఒంపే ముసలాయన కనిపిస్తారు. చివర పియానో మూత మూసుకుంటుంది. అది చూశాక ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే చెప్పారు.

వైద్యుడి కంటికి ఇంకొకటి కూడా కనబడుతుంది. క్యాష్‌కు మధుమేహం ఉండేది. దానివల్ల స్వయంచాలక నాడులు దెబ్బతిన్నాయి. మన ప్రమేయం లేకుండా గుండె వేగాన్నీ, రక్తపోటునూ, జీర్ణక్రియనూ, చెమటనూ నడిపే నాడులివి. ఇవి చెడితే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. తిన్నది సరిగా అరగదు. ఒక్కోసారి గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియదు. పాదాల నాడులు చెడితే మేకు దిగినా తెలియదు. "నాకే నొప్పీ లేదండీ" అని సంతోషించే మధుమేహ రోగులకు నేను చెప్పేదొకటే. నొప్పి మన ఒంటికి కాపలాదారు. కాపలాదారు నిద్రపోయాడంటే దొంగలు లేరని అర్థం కాదు.

అయితే నన్ను వదలని దృశ్యం మరొకటి. ఆ వీడియోలో క్యాష్ భార్య జూన్ కార్టర్ మెట్ల మీద నిలబడి భర్తనే చూస్తూ ఉంటారు. ఆమె స్వయంగా పేరున్న గాయని. అక్కడ మాత్రం ఒక్క మాట లేదు. ఆ చూపులో ప్రేమ ఉంది, భయం ఉంది, అలసట ఉంది. చూసేవారందరి ఆందోళనా ఆయన గురించే. కాని ముందు వెళ్ళిపోయింది ఆమె. 2003 మే నెలలో, గుండె కవాటానికి శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకే మరణించారు. ఆయన సెప్టెంబరులో కన్నుమూశారు.

ఆ చూపు నాకు కొత్త కాదు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మధుమేహానికి పదేళ్ళకు పైగా నా దగ్గర వైద్యం చేయించుకున్నారు. ప్రతిసారీ వెనకాల ఆయన భార్య చేతిలో ఫైలుతో నిలబడి ఉండేది. ఏ నెలలో చక్కెర ఎంతుందో, ఏ మాత్ర పడలేదో ఆవిడే చెప్పేది. వంగి ఆయన చెప్పులు విప్పి పాదాలు చూపించేది. నా గదిలో రోగికి ఒకటే కుర్చీ ఉండేది. నిలబడిన మనిషిని నేనెన్నడూ పలకరించలేదు.

ఒకనాడు ఆయన ఒంటరిగా వచ్చారు. ఫైల్లో ఏ కాగితం ఎక్కడుందో ఆయనకు తెలియడం లేదు.

"అమ్మగారు రాలేదేమండీ?" అన్నాను.

"పోయి నెల దాటిందండీ. గుండెపోటు. కొంతకాలంగా మెట్లెక్కితే ఆయాసం వస్తోందనేది. డాక్టరు గారికి చెప్పవే అంటే, మీ సంగతి అడగడానికే సమయం చాలదు, మధ్యలో నా గోలెందుకు అనేది."

నేను ఆయన పాదాలు పరీక్షించి మందులు రాశాను. ఇంకేం మాట్లాడానో గుర్తు లేదు. ఆ వారమే గదిలో రెండో కుర్చీ వేయించాను. వెంట వచ్చినవారిని కూర్చోబెట్టి, వారి రక్తపోటు కూడా చూడడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. పదేళ్ళు ఆలస్యంగా.

వీలైతే ఆ వీడియో చూడండి. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు మాత్రం ఒంటరిగా చూడవద్దు. అటువంటి సమయంలో ప్రభుత్వ సహాయవాణి 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. చూసిన తరువాత మీ ఇంట్లో ఎవరి మందుల డబ్బా ఎవరు సర్దుతున్నారో ఒకసారి గమనించండి. ఆ సర్దే మనిషి చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారో ఈరోజే అడగండి. "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. ఆ మాట నమ్మకండి.