కొన మీది మేక

చీమకుర్తిలో గ్రానైట్ కోత షెడ్డుకు వెళ్లేవాళ్లు ఎక్కువగా రాయి బేరానికి వెళ్తారు. నేను వెళ్లింది ఒక ఆట తగాదా వినడానికి. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక పులి-మేక ఆడతారనీ, ఒక్క ఎత్తు మీద ఎంతకీ తెగని వాదన నడుస్తోందనీ ఒంగోలులో ఒక మిత్రుడు చెప్పాడు. ఆటల్లో పావు కదలికను చెప్పే మాటలు ఎక్కడ తడబడతాయో చాలాకాలంగా పోగుచేసుకుంటున్నాను. కనుక వేరే పిలుపు అక్కర్లేకపోయింది.

పొదిలి రోడ్డు మీద ఊరు దగ్గరపడే కొద్దీ బ్లాకులు మోసే లారీలు, చెట్ల ఆకుల మీద రాతిపొడి. రామతీర్థం చుట్టుపక్కల క్వారీల్లో తీసే నల్లరాయిని ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అంటుంది. వ్యాపారంలో దాని పేరు గ్రానైటే గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. నలుపులో బంగారు రవ్వల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం.

షెడ్డు వెనక వేపచెట్టు కింద ఉన్న పటం కూడా ఆ రాయే. మూలన తెల్లటి చార పడినందువల్ల పక్కన పడేసిన పలక. దాని మీద చేతి కట్టరుతో గీతలు లాగారు. పై కొన నుంచి కిందికి నాలుగు ఏటవాలు గీతలు. వాటిని అడ్డంగా దాటుతూ మూడు గీతలు, వాటి చివరలను కలుపుతూ చెరో పక్కన ఒక నిలువు గీత. అన్నిటికీ అడుగున త్రిభుజం పాదం. గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, ఎర్రరాయి ముక్కలు. మేకలు 15, గులకరాళ్లు. గీతల గాడిలో రాతిపొడి గట్టిపడిపోయి, నలుపు మీద ముగ్గు వేసినట్టే ఉంది.

ఆట అందరికీ తెలిసిందే. మేకల్ని ఒక్కొక్కటే దించాలి. అన్నీ దిగేదాకా దిగిన మేక కదలకూడదు. పులి గీత వెంట పక్క చోటికి నడుస్తుంది. పక్కన మేక ఉండి దాని అవతల ఖాళీ ఉంటే, గీత వెంట దూకి తింటుంది. తగాదా అంతా ఆ చివరి వాక్యం దగ్గరే.

నేను చూస్తుండగానే మళ్లీ వచ్చింది. పై కొన మీద మేస్త్రీ మేక ఉంది. దాని కింద ఎడమవైపు ఏటవాలు గీత మీద పాలిష్ పని చేసే కుర్రాడి పులి ఉంది. కుర్రాడు పులిని ఎత్తి, కొన మీదుగా కుడివైపు గీత మీదికి దించి, మేకను తీసేశాడు.

“గీత వదల్లేదు గదా మామా! ఈ గీత మీద ఎక్కా, ఆ గీత మీద దిగా.”

“ఎక్కింది ఒకటి, దిగింది ఇంకోటి. కొన కాడ మలుపు తిరిగావు. దూకే పులి గాల్లో తిరుగుద్దా ఏందిరా?”

కుర్రాడిది మొండివాదం కాదు. నియమంలో ‘గీత వెంట’ అని ఉంది, అతడు గీత వదల్లేదు. మేస్త్రీ అడుగుతున్నది ‘నేరుగా’. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా అందరికీ తెలుసని ఆయన నమ్మకం.

ఒక్క మాట వల్ల ఎంత తేడా వస్తుందో పలక మీదే వేలు పెట్టి లెక్క చూశాను. నేరుగానే దూకాలి అనుకుంటే ఈ పటం మీద మేకను ఎన్నటికీ తినలేని చోట్లు 7: పై కొన, పాదం రెండు చివరలు, పక్కలకు పొడుచుకొచ్చిన నాలుగు మూలలు. అక్కడ ప్రతి గీతా ఆగిపోతుంది, అవతల దిగే చోటు ఉండదు. మేకల బలమంతా ఆ ఏడు చోట్లే. కొన దగ్గర తిరగొచ్చంటే అవి 6 అవుతాయి. కొన దగ్గర తిరిగిన పులి మూల దగ్గర ఎందుకు తిరగకూడదు? అక్కడా గీత వదలడం లేదుగా! అలా ఒప్పుకుంటూ పోతే మేకకు నిలవనీడ లేదు, ఆట పూర్తిగా పులులదే. ఈ లెక్క చెప్తే కుర్రాడు కాసేపు పటం వంకే చూశాడు.

“మా అమ్మమ్మ ఇట్టాగే ఆడేది సార్,” అన్నాడు. “కొన కాడ మాత్రమే. మూలల కాడ కాదు.”

అది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన సాక్ష్యం కాదు. ఈ ఆట పుస్తకంలోంచి రాలేదు, అరుగుల మీద నుంచి వచ్చింది. ఊరికో పద్ధతి ఉంటుంది. ఒకే ఎత్తులో వరుసగా రెండు మేకల్ని తినొచ్చా, ఎన్ని మేకలు పోతే ఆట ముగిసినట్టు, ఇవి కూడా అంతే. హంపి మంటపాల రాతి నేల మీద ఇలాంటి ఆటల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. గీతలు మిగిలాయి, వాటి మీద ఎలా నడవాలో చెప్పిన నోటిమాట మిగల్లేదు. నాకు దిగులు కలిగించేది అదే.

పక్కన కూర్చున్న బీహారు కార్మికుడిది నేపాల్ సరిహద్దు ఊరు. వాళ్లది బాఘ్‌చాల్: నిలువుకు 5, అడ్డానికి 5 చోట్లు, 4 పులులు, 20 మేకలు. అందులో అన్ని చోట్లకూ ఐమూల గీతలుండవు. గీత లేని వైపు పక్కనే ఖాళీ ఉన్నా వెళ్లకూడదు. వచ్చీరాని తెలుగులో, “గీత ఉంటే దారి, లేకుంటే గోడ,” అన్నాడు. ‘పక్క చోటు’ అనే మాటకు ఇంతకంటే మంచి అర్థం నేను ఏ నియమావళిలోనూ చదవలేదు.

గీతలే లేని ఆటల సంగతి అప్పుడు చెప్పాను. బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలు పెట్టి ఆడే యుద్ధాలవి. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో కాలిబంటుకు ఒక అడుగు, గుర్రపు రౌతుకు రెండు అడుగులు అని నడక నిర్ణయించాడు. 1987లో వచ్చిన వార్‌హామర్ 40,000 లాంటి ఆటల్లో కొలత అంగుళాల్లో. బొమ్మ కింద గుండ్రటి పీట ఉంటుంది. 6 అంగుళాలు నడవొచ్చంటే టేపు పీట ముందు అంచున పెట్టాలా, వెనక అంచునా? ముందు అంచు నుంచి కొలిచి వెనక అంచును అక్కడికి చేర్చేవాడికి ఒక పీట వెడల్పు అదనంగా దక్కుతుంది. పొడుగాటి బండిని ఉన్నచోటే తిప్పితే దాని మూతి ముందుకొస్తుంది. అది నడక కింద లెక్కా, కాదా?

మేస్త్రీకి వెంటనే అందింది. “నాలుగడుగుల పలకను మధ్యకు కోస్తే రెండడుగుల ముక్కలు రెండు రావు సార్. బ్లేడు మందం పోద్ది. అది ఎవరి లెక్కలో వెయ్యాలో ముందే అనుకోకపోతే బేరం చెడుద్ది.”

ప్రష్యా సైన్యం కూడా ఈ చిక్కులోనే పడింది. 1824లో రైస్విట్జ్ అనే అధికారి యుద్ధపు ఆటకు నియమాలు అచ్చువేశాడు. అవి బరువై ఆట సాగడమే కష్టమయ్యాక, 1876లో వెర్డీ దు వెర్నోయ్ చాలావాటిని పక్కనపెట్టి తీర్పును మధ్యవర్తి అనుభవానికే వదిలాడు. సైన్యంలో అది చెల్లుతుంది. వేపచెట్టు కింద చెల్లదు. ఇక్కడ పెద్దమనిషి మేస్త్రీ, కొన మీది మేక ఆయనదే.

అందుకే రాసుకుందామన్నాను. రాసుకునే పలకలకు పేరుపడ్డ మార్కాపురం ఉన్న ఈ ప్రాంతంలో రాతకు కరువేమిటి! పద్ధతులన్నీ ఒకటి చేయాలని కాదు, ఏ ఊరి పద్ధతి ఆ ఊరి పేరుతో ఉండాలని నా కోరిక. షెడ్డు కోసం మేం రాసిన వాక్యం ఇది: “పులి దూకు మొదలైన గీత మీదే నేరుగా ముగియాలి, కొన దగ్గర గానీ మూల దగ్గర గానీ తిరగకూడదు.” దాని కిందే కుర్రాడి అమ్మమ్మ పద్ధతి కూడా రాశాం. మొదటి మేక దించకముందే రెండింట్లో ఏదో చెప్పుకోవాలి.

కుర్రాడు ఒప్పుకున్నాడు. కాకపోతే ఈ రాత రేపటి ఆట నుంచి వర్తిస్తుందనీ, ఇవాళ తిన్న మేక తిన్నట్టేననీ పట్టుబట్టాడు. మేస్త్రీ గులకరాయి తీసి పక్కన పెట్టాడు.