బయట తిండి

మా అవ్వ నోట 'బయట తిండి' అన్న మాట వచ్చిందంటే అది గంజి కేంద్రం గురించే. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. చంకలో రెండేళ్ల మా పెద్దమామ. కదిరి దగ్గరి మా పల్లె నుంచి ముంత పట్టుకుని నడిచిపోయి వరసలో నిలబడేదట. పిల్లోడికి పట్టించాక ముంతలో మిగిలింది తాను తాగేదట. ఆ కథ చెప్పేటప్పుడు ఆకలి గురించి తక్కువ చెప్పేది. కొంగు ముక్కుదాకా లాక్కుని నిలబడిన సంగతి, ఎవరి వెనక నిలబడవలసి వచ్చిందన్న సంగతి ఎక్కువ చెప్పేది. ఆ సిగ్గులో కులం కూడా ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. "బయట తినే గతి పగోళ్లకూ వద్దు నాయనా" అని ముగించేది.

ఆ అవ్వ మనవరాలిని నేను. పోయిన వేసవిలో డబ్బు కట్టి మరీ బయట తినడానికి పోయాను.

బెంగళూరు శివార్లలో ఒక వినోదాల పార్కు, దాని పక్కనే రిసార్టు. రెండు రాత్రులు, మూడు పూటలా భోజనంతో కలిపి ప్యాకేజీ. గోరంట్ల, బాగేపల్లి మీదుగా కార్లో ప్రయాణం. పాపకు మూడున్నరేళ్లు, బాబుకు ఏడాదిన్నర. "రెండ్రోజులన్నా నీకు వంటింటి గొడవ తప్పుతుంది" అన్నాడు నా సహచరుడు. ప్రేమగానే అన్నాడు. నేనూ నమ్మాను. నమ్ముతూనే ముందురోజు రాత్రి పదకొండు దాకా సంచి సర్దాను. రాగిపిండి, బియ్యం పెసరపప్పు వేయించి కొట్టిన పొడి, చిన్న నెయ్యిసీసా, ఫ్లాస్కు, కరెంటు కెటిల్, రెండు స్టీలు గిన్నెలు, మూతగ్లాసు, మెడకు కట్టే గుడ్డలు, అమ్మ చేసిచ్చిన చెనిక్కాయల ఉండలు. జిప్పు వేస్తుంటే నవ్వొచ్చింది. విమల 'వంటిల్లు' కవితను క్లాసులో ఆడపిల్లలకు చదివి వినిపించి గొంతు పూడుకుపోయిన లెక్చరర్ని నేను. అదే వంటింటిని మడతపెట్టి భుజానికి తగిలించుకుంటున్నాను.

పార్కు గేటు దగ్గర సంచులు వెదికారు. బయటి తిండి లోపలికి తేకూడదట. పసిపిల్లల ఆహారమైతే ఫరవాలేదట. రాగిపిండి డబ్బా మూత తీసి వాసన చూసి ఇచ్చేశాడు కాపలా మనిషి. చెనిక్కాయల ఉండలు మాత్రం ఆపేశాడు. లోపల అడుగుపెట్టగానే మొదటి కొట్లో పల్లీ చిక్కీలు అమ్ముతున్నారు. మా ఊరి వ్యవసాయ పరిశోధనా స్థానం ఇచ్చిన 'కదిరి-6' వేరుశనగను ఎక్కడెక్కడో వేస్తారని గర్వంగా చెప్పుకునేవాళ్లం మేము. మా చెనిక్కాయలు మా చేతుల్లో బయటి తిండి, వాళ్ల కొట్లో లోపలి తిండి!

పార్కులో పెద్ద ఆటలన్నిటి దగ్గరా ఎత్తు కొలిచే గీత ఉంది. మా పిల్లలిద్దరూ దానికి చాలా కింద. వాళ్లు ఎక్కలేరు కాబట్టి నేనూ ఎక్కలేదు. మా ఆయన రెండు ఎక్కొచ్చాడు. "నువ్వూ పో, నేను చూసుకుంటా" అన్నాడు గానీ అప్పటికి బాబు నిద్రకు ఏడుస్తున్నాడు, నా భుజం తప్ప ఇంకే భుజమూ వద్దంటున్నాడు. చెట్ల కింద బల్లల మీద నాలాంటి వాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి చుట్టూ నాలుగైదు సంచులు, చెప్పులు, కళ్లద్దాలు, ఫోన్లు. ఎవరం ఎవరితోనూ మాట్లాడుకోలేదు. సంచుల కాపలా కూడా పనే కదా, చూపు తిప్పకూడదు.

రాత్రి భోజనం ఏడున్నరకు. పిల్లల ఆకలి ఆరున్నరకు. ఆ గంటసేపు గదిలో కెటిల్ పెట్టి జావ కాచి కొంత పట్టించాను. అంటే వంట చేశాను. ఏడున్నరకు హాల్లోకి పోయాం.

బఫే అన్న ఏర్పాటు రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్ల కోసం పుట్టిందని ఆ రాత్రి తెలిసింది. ఒక చేత పళ్లెం, ఇంకో చేత గరిటె. మరి చంకలో పిల్లోడుంటే? పసిపిల్లల కుర్చీలు రెండే ఉన్నాయి, రెండింట్లోనూ పిల్లలున్నారు. ముప్పై రకాల వంటల్లో కారం లేనివి అన్నం, పెరుగు. అన్నం గిన్నె అడుగంటింది, మళ్లీ తెస్తామన్నారు. నేను ఐదుసార్లు తిరిగాను. పాపకు పెరుగన్నం, బాబుకు పప్పునీళ్లు, పాపకు మళ్లీ అప్పడం, బాబుకు చెంచా, ఆఖరికి నాకు వేడి రసం, అన్నం. "నువ్వు తినెయ్ ముందు, నేను చూస్తా" అని ఆయన అన్నాడు. కానీ అప్పటికే ఆయన పళ్లెం ముందుంది, ఆయన తింటున్నాడు. తింటూ చూడడం, చూస్తూ తినకపోవడం... మా ఇద్దరి మధ్య తేడా ఎప్పుడూ ఇంతే. పెద్దగా దెబ్బలాడ్డానికి కూడా చాలనంత చిన్నది, ప్రతి పూటా ఉండేది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే పాప బల్లమీద గుడ్డ లాగింది. రసం గిన్నె, గాజుగ్లాసు, పెరుగన్నం అన్నీ కింద. గ్లాసు పగిలిన చప్పుడుకు హాలంతా ఇటు తిరిగింది. నేను పాప చెంప మీద కొట్టాను.

ఇది రాయకుండా ఉండొచ్చు. పిల్లల్ని కొట్టకూడదని అందరికీ చెప్పేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ కొట్టలేదు. అంతమంది చూస్తుండగా, పిల్లని అదుపులో పెట్టుకోలేని తల్లి అని ఆ చూపులు అనకముందే నేనే చూపించుకున్నాను, ఇదిగో అదుపు అని. పాప ఏడవలేదు. నా ముఖం వంక అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఏడ్చి ఉంటే బాగుండేది.

గాజుపెంకులు ఊడ్చడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. "సారీ మేడం" అంది, తప్పు తనదైనట్టు. నేను పాపతో "కదలొద్దు, కాలికి గుచ్చుకుంటాది" అన్నాను. ఆ మాట వినగానే ఆమె తలెత్తింది.

"ఏవూరక్కా?"

"కదిరి."

"అయ్యో, మాది తలుపుల తట్టు." చీపురు గోడకు ఆనించి, కొంగుకు చేతులు తుడుచుకుని, "ఏం కాలేదులే, ఇట్లియ్యి పిల్లోన్ని. నువ్వు తినుపో" అంది. బాబు కొత్తవాళ్ల దగ్గరికి పోడు. ఆమె నడుముకు మాత్రం అతుక్కుపోయాడు. పాప తల నిమిరి, ఇంకో చేత్తో ఆమెనూ పక్కకు లాక్కుంది. మా ఆయన లేచిపోయి నాకు పళ్లెం పెట్టుకొచ్చాడు. అన్నం మీద ఆవిరి లేస్తోంది. ఎన్నాళ్లయింది అట్లాంటి అన్నం తిని? బాబు పుట్టాక, బహుశా పాప పుట్టాక, నా అన్నం ఎప్పుడూ ఆవిరి పోయాకే నాకు దొరికింది. నాలుక కాలుతున్నా ఆగకుండా తిన్నాను.

తింటూనే అడిగాను, పిల్లలున్నారా అని. ఒక ఆడపిల్లట, రెండేళ్లు. "మా యమ్మ కాడ ఇడిసిపెట్టొచ్చినా. నెలకోసారి పోతా. నన్ను గుర్తుపడ్తాది గానీ, నా చేత పెడితే తినదక్కా. వాళ్లవ్వే పెట్టల్ల." నవ్వుతూనే చెప్పింది. వానల్లేక చేను బీడు పెట్టారట, మొగుడు ఇక్కడే బిల్డింగుల పనికి పోతాడట. ఇక్కడ పిల్లల్ని పెట్టుకోడానికి లేదా అన్నాను. మా వెనకే గాజుతలుపుల అవతల రంగురంగుల బంతులతో పిల్లల ఆటగది ఉంది. ఆమె అటు చూసింది. "అది గెస్టులకు. మేం కాంట్రాక్టోళ్లం గదా."

యాభై మంది, అంతకుమించి పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. మా కాలేజీ సెమినార్లో దాని మీద నేనే పేపరు చదివాను. ఆ అమ్మాయి నా కొడుకును ఎత్తుకుని నిలబడితే ఆ పేపర్లోని ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. సూపర్‌వైజరు వచ్చి కన్నడంలో ఏదో కసిరాడు. నేను లేచి, నేనే ఇచ్చానండీ అనేలోపు ఆమె బాబును మా ఆయన చేతికిచ్చి, చీపురు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున టిఫిన్ల దగ్గర దూరం నుంచి కనిపించింది. నేను చెయ్యి ఊపాను. తల దించుకుని బల్ల తుడుచుకుంటూ ఉండిపోయింది.

మా అమ్మ కాలంలో బయట తిండి అంటే కదిరి బస్టాండు దగ్గరి హోటల్లో ఫ్యామిలీ రూము. ఆకుపచ్చ తెర, లోపల ఒక బల్ల, పని చేయని ఫ్యాను. తిరునాళ్లకో గుడికో వచ్చినప్పుడు నాన్న బయట స్నేహితులతో కూర్చుంటే అమ్మ ఆ తెర వెనక నన్ను ఒళ్లో పెట్టుకుని ఉగ్గాని తినిపించేది. ఆ తెర ఊరి చూపుల నుంచి ఆమెను దాచేది. అదే తెర ఆమె తినకుండా లేచిన సంగతినీ దాచేది. తిమ్మమ్మ మర్రిమానుకు పోతే క్యారియర్ కట్టుకుని పోయేవాళ్లం. ఐదెకరాల దాకా అల్లుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. తిమ్మమ్మ సతీసహగమనం చేసిన చోట చితికి నాటిన గుంజ చిగిర్చి ఆ మాను అయిందంటారు. పిల్లల్లేని దంపతులు ఇప్పటికీ వచ్చి మొక్కుకుంటారు. కాలిపోయిన ఆడమనిషిని పిల్లలిమ్మని అడగడం సంగతి అట్లా ఉంచితే, పిల్లలు పుట్టాక వాళ్లకు అన్నం పెట్టే చేతికి ఇంకో చెయ్యి తోడు కావాలని మొక్కుకున్నవాళ్లను అక్కడ నేను చూడలేదు.

2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024 సర్వేలో ఆడవాళ్లవి 289 అయ్యాయి. ఐదేళ్లకు పది నిమిషాలు! నేను ఒక చేత్తో తినిపిస్తూ ఒక చేత్తో తినే అరగంటను ఎట్లా రాసుకోవాలి? భోజనమనా, చాకిరీ అనా? సెలవు అనా?

వంట తప్పితే చాకిరీ తప్పుతుందని ఇన్నాళ్లూ మనం అనుకున్నామేమో. ఆ రిసార్టులో నేను పొయ్యి ముట్టుకోకుండానే మూడు పూటలా అలిసిపోయాను. వండడం కొనుక్కోవచ్చు. తినిపించడం, తుడవడం, కారం చూడడం, నిద్రవేళకూ ఆకలివేళకూ లెక్క కట్టడం ఏ ప్యాకేజీలోనూ రావు. అవి నాతోపాటే ప్రయాణం చేస్తాయి. నాకు ఒక్క పూట వేడన్నం దొరికిందంటే అది మా ఆయన వల్ల కాదు, రిసార్టు వల్ల కాదు. తన బిడ్డకు అన్నం పెట్టే చేతిని నాకు అప్పిచ్చిన మనిషి వల్ల. ఆ అప్పు తీర్చే దారి నాకు తెలియదు. 'స్త్రీలందరం ఒకటే' అని వేదికల మీద తేలిగ్గా అంటుంటాం. ఆ హాల్లో ఆమె నిలబడి ఉంది, నేను కూర్చుని తింటున్నాను.

తిరిగి వస్తూ గోరంట్ల దాటాక గుర్తొచ్చింది. మా తట్టు ఎవరు ఎదురైనా మొదటి మాట "బువ్వ తింటివా?" అనే. పరిచయం లేనివాళ్లనీ, శత్రువునీ కూడా అడుగుతాం. ఆమెను నేను ఊరడిగాను, పిల్లలనడిగాను. ఆ మాట అడగలేదు. పేరూ అడగలేదు.

ఇంటికొచ్చాక ఒక నియమం పెట్టుకున్నాం. ఒక రాత్రి ఆయన తినిపించాలి, నేను తినాలి. మర్నాడు నేను తినిపించాలి. మొదటి రాత్రి ముప్పావుగంట తర్వాత తన పళ్లెం ముందు కూర్చుని "చల్లారిపోయింది" అన్నాడు ఆశ్చర్యంగా. నేనేమీ అనలేదు. వారంలో రెండు మూడు రోజులు ఆ నియమం తప్పుతూనే ఉంది. ఎక్కువగా ఆయన వంతు రోజులే.

మొన్న పాప వరండాలో హోటలాట ఆడుతోంది. బొమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, మూతలో నీళ్లు పోసి తాగిస్తోంది. నీళ్లు ఒలికాయి. బొమ్మ చెంప మీద ఒక్కటి వేసింది. నేను చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి లేవబోయాను. అంతలో తనే బొమ్మను ఎత్తి నడుముకు ఆనించుకుని, తలుపుల యాసలో అంది:

"ఏం కాలేదులే. నువ్వు తినుపో."