గౌతమి పేరు, నిర్మల అక్షరాలు

14-10-2025, మంగళవారం, ఏలూరు

విండోస్ 10కి ఇవాళ్టితో సపోర్టు ఆఖరు. పొద్దుట్నుంచీ ఫోను మోగుతూనే ఉంది. "రేపటికి కంప్యూటర్ ఆగిపోతుందంట కదండీ?" ఆగదండీ బాబూ, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, అంతే. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఏడాది పొడిగింపు కూడా ఉంది, 2026 అక్టోబరు 13 దాకా. 11కి పోదామంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో అయ్యుండాలి. పవర్‌పేటలో నేను చూసే ఆఫీసుల్లో సగం మూడో తరం, నాలుగో తరం డబ్బాలే.

11లో పోయినవాటిలో కోర్టానా, టైమ్‌లైన్, లైవ్ టైల్స్ గురించి ఇక్కడ ఒక్కరూ అడగలేదు. ఉన్నాయని తెలిస్తేగా! టాస్క్‌బార్‌ని పైకి పెట్టుకోవడం కుదరదంటే మాత్రం వన్‌టౌన్ గుమాస్తాగారు మొహం మాడ్చుకున్నారు.

17-10-2025, శుక్రవారం

దస్తావేజు లేఖరి ఒకాయన వచ్చాడు. విండోస్ 7 నుంచి తిన్నగా 11కి దూకాడు, వర్డ్ మాత్రం పాతదే. నాలుగు పేజీల భాగపంపిణీ నమూనా మూడుంపావుకి వస్తోందట. హద్దులు మూడో పేజీలోకి ఎక్కాయి, సాక్షుల సంతకాల చోటు పేజీ నడిమికి వచ్చి కూర్చుంది. "ఒక్క అక్షరం ముట్టుకోలేదండీ" అంటాడు. నిజమే, ముట్టుకోలేదు.

వర్డ్‌లో పైనున్న పెట్టెలో ఫాంటు పేరు గౌతమి అనే ఉంది. కింద కనిపిస్తున్నవి నిర్మలా యూఐ అక్షరాలు. గౌతమి 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. వత్తులకి చోటు వదలాలని వరుసకీ వరుసకీ మధ్య ఎడం బాగా ఎక్కువ. నిర్మల పొదుపు మనిషి. అందుకే పేజీ కుంచించుకుపోయింది. విండోస్ 10 నుంచే గౌతమినీ, 7తో వచ్చిన వాణినీ మామూలు సరుకులోంచి తీసి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అని పక్కన పెట్టారు. తెలుగు భాష చేర్చుకున్న మెషీనుకి వాటంతటవే వస్తాయి. ఇంగ్లీషు ఒక్కటే పెట్టుకున్నవాడు సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి దించుకోవాలి. దించాను. హద్దులు వాటి పేజీకి అవి వెళ్లిపోయాయి.

తీసేస్తే తీశారు, అది కాదు నా బాధ. లేనిదాన్ని లేదని చెప్పొచ్చుగా. పేరు అలాగే ఉంచి ఇంకొకళ్లని కూర్చోబెడితే లేఖరి తన చేతినే అనుమానించుకున్నాడు పాపం. డీటీపీ వాళ్లకి ఈ గొడవ లేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నంతకాలం విండోస్ ఇచ్చే తెలుగుతో వాళ్లకేం పని?

24-10-2025, శుక్రవారం

కైకలూరు వెళ్లాను, రిటైరైన మాస్టారింటికి. ఆటపాక పక్షుల వివరాలు ఆయన 2006 నుంచి వర్డ్‌ప్యాడ్‌లో రాసుకుంటున్నారు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది అది. వర్డ్‌ప్యాడ్ విండోస్ 95తో వచ్చింది, 11లో 24హెచ్2 దగ్గర తీసేశారు. మనవడు ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, "తాతయ్యా, వైరస్ పట్టింది" అని తేల్చేశాడు.

చూస్తే స్క్రీన్ నిండా అంకెలు. బ్యాక్‌స్లాష్, యూ, 3095, ప్రశ్నార్థకం. మళ్లీ బ్యాక్‌స్లాష్, యూ, 3138, ప్రశ్నార్థకం. మొదటిది గ, రెండోది కొమ్ముదీర్ఘం, కలిపితే గూ. గూడబాతు! ఆర్‌టీఎఫ్‌లో తెలుగు దాగేది ఇలాగే, యూనికోడ్ నంబర్లుగా. మాస్టారికి వరసగా నాలుగక్షరాలు విప్పి చూపిస్తే ఆయన కాగితం తీసుకుని అ నుంచి రాయడం మొదలుపెట్టారు. "వద్దు మాస్టారూ" అని లిబ్రే ఆఫీస్ ఎక్కించి తెరిచాను. అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆయన కాగితం మాత్రం వదల్లేదు.

30-10-2025, గురువారం

మొంథా తుఫాను దాటాక ఇవాళే తాడేపల్లిగూడెం వెళ్లడం కుదిరింది. ఉల్లిపాయల కమీషన్ కొట్టు. కర్నూలు సరుకు ధర పడిపోయి షావుకారు ముందే చిరాకుగా ఉన్నాడు. ఆయన లెక్కలన్నీ డాస్ ఫాక్స్‌ప్రోలో. బస్తాలు, కాటా, హమాలీ, కమీషన్ కొడితే డాట్ మ్యాట్రిక్స్ మీద బిల్లు. కొత్త మెషీన్‌లో నొక్కగానే, ఈ ప్రోగ్రాం మీ పీసీలో నడవదు, తయారుచేసినవాళ్లని అడగండి అని వచ్చింది. రాసినాయన కాలం చేసి చాలా ఏళ్లయింది. అయినా ఈ మెసేజ్ నాకు నచ్చింది. మొహమాటం లేదు.

64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాం నడిపే ఏర్పాటే లేదు. 10 వరకూ 32 బిట్ రకం దొరికేది కాబట్టి బండి లాగించాం. 11లో ఆ రకమే లేదు. డాస్‌బాక్స్-ఎక్స్‌లో పెట్టి చూపించాను. నడిచింది, ప్రింటర్‌కి కూడా పంపింది. షావుకారు బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి, "పాతదాంతో వచ్చిన ఇబ్బందేంటండీ?" అన్నాడు.

నెట్‌లో ఉంచకపోతే పెద్దగా ఏం లేదండీ అన్నాను. నెట్ వైరు పీకేసి పాత మెషీన్‌నే గల్లా పక్కన పెట్టించాడు. ధరలు ఎలాగూ ఫోన్లో చూసుకుంటాడు. కొత్తది వాళ్లబ్బాయికి. హార్డ్ డిస్క్ కాపీ ఒకటి తీసి ఇవ్వాలి, సోమవారం.